సైన్స్ కేంద్రం టెండరు రాసే అధికారులకు: భవనం కంటే ముందు వర్క్‌షాపు

గౌరవనీయులైన అధికారులకు,

కొత్త సైన్స్ కేంద్రాలకు ప్రతిపాదనలు పంపేవారు, టెండరు షరతులు రాసేవారు, చివరి బిల్లు మీద సంతకం పెట్టేవారు, మీ అందరికీ నమస్కారం.

ప్రారంభోత్సవం రోజున ప్రతి సైన్స్ కేంద్రమూ బాగానే ఉంటుంది. దాని అసలు సంగతి పద్నాలుగో నెలలో తెలుస్తుంది. అప్పటికి సరఫరాదారు ఇచ్చిన ఏడాది గ్యారంటీ అయిపోయి ఉంటుంది. సైకిలు తొక్కితే వెలగాల్సిన బల్బు వెలగదు. బటన్ నొక్కితే లోపల ఏదీ కదలదు. తిప్పే పిడి ఉండాల్సిన చోట బోల్టు రంధ్రం మిగులుతుంది. దాని పక్కన ‘మరమ్మతులో ఉన్నది’ అని ఒక అట్ట, ఆ అట్ట మీద దుమ్ము. యాభై మంది పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన మాస్టారు ‘ఏదీ ముట్టుకోకండర్రా’ అని కేకేస్తారు. ముట్టుకోవడానికే కట్టిన చోట ఆ మాట వినబడిందంటే అది మళ్లీ అద్దాల బీరువాల మ్యూజియం అయిపోయినట్టే.

ఈ ఎగ్జిబిట్లు తయారుచేయడం, బాగుచేయడం మా పని. మేం అడిగేది ఒక్కటే. భవనం నమూనా ఖరారు చేసే ముందే వర్క్‌షాపునూ, అందులో పనిచేసే మనుషులనూ, ఏటా దానికి కావలసిన డబ్బునూ ఖాయం చేయండి. ఎందుకో లెక్కలతో చెబుతాం.

ముందు అన్నిటికన్నా చిన్న వస్తువు, బటన్. రోజుకు 500 మంది వస్తారనుకుందాం. ఒక్కొక్కరు ఆరుసార్లు నొక్కుతారు. పిల్లలు ఒకసారి నొక్కి ఊరుకోరు, అర సెకను ఆలస్యమైతే వరసగా దంచుతారు. ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 9,00,000 నొక్కుళ్లు. ఇంటి కాలింగ్ బెల్లును రోజుకు పదిసార్లు నొక్కితే ఏడాదికి 3,650. అంటే ఇంటి స్విచ్చు 240 ఏళ్లకు పైగా తినే దెబ్బలు ఇక్కడి బటన్ ఒక్క ఏడాదిలో తింటుంది. టెండరులో ‘పుష్ బటన్, మంచి రకం’ అని రాస్తే వచ్చేది ఇంటి రకమే. వీడియో గేమ్ పార్లర్లలో వాడే మైక్రోస్విచ్ బటన్లు కోటి నొక్కుళ్ల దాకా రేటింగుతో దొరుకుతాయి, ధరలో పెద్ద తేడా ఉండదు. వైర్లను టంకం వేయకుండా కనెక్టరుతో బిగించి, ప్యానెల్‌కు ముందునుంచే తీయగలిగేలా పెడితే పాడైనదాన్ని మార్చడానికి రెండు నిమిషాలు చాలు. ఎగ్జిబిట్‌ను గోడకు ఆనించి బిగించి, తలుపు గోడవైపు పెట్టిన చోట అదే పనికి నలుగురు మనుషులు, ఒక పూట పడుతుంది. అందుకే ఎవరూ చేయరు.

ఇక చేత్తో తిప్పి కరెంటు పుట్టించే జనరేటరు. పిడి చేయి పొడవు 20 సెంటీమీటర్లు అనుకోండి. 40 కిలోల పిల్లవాడు దాన్ని తిప్పడు, దాని మీద వేలాడతాడు. అప్పుడు ఇరుసు మీద పడే మెలి దాదాపు 80 న్యూటన్-మీటర్లు. స్నేహితుడు కూడా వేలాడితే 160. పిడిని ఇరుసుకు ఒక చిన్న గ్రబ్ స్క్రూతో (తల లేని స్క్రూతో) బిగించి పంపడం అలవాటైపోయింది. ఆ స్క్రూ ఈ బరువును ఆపలేదు. మొదటి వారంలో కాస్త జారుతుంది, నెలలో ఇరుసు మీద గాడి పడుతుంది, ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు. 25 మిల్లీమీటర్ల ఇరుసు, దానికి 8 మిల్లీమీటర్ల కీ (పిడి జారకుండా గాడిలో కూర్చునే ఇనుప ముక్క), చివర లాక్ నట్టు అని డ్రాయింగులోనే ఉండాలి. లోపల ఒకవైపు తిప్పితేనే పట్టుకునే సైకిలు ఫ్రీవీలు ఒకటి పెడితే, పిల్లలు వెనక్కి తిప్పినా, గట్టిగా తిప్పి వదిలేసినా గేర్ల పళ్లు విరగవు. ఏదో ఒకటి చెడక తప్పదనుకుంటే అది వంద రూపాయల్లో వచ్చే బెల్టు అయ్యేలా చూడాలి, జనరేటరు కాదు.

ఈ ఎగ్జిబిట్‌కే ఇంకో జబ్బు ఉంది, అది రిజిస్టరుకు ఎక్కదు. ఒకవైపు ఫిలమెంటు బల్బు, ఇంకోవైపు ఎల్ఈడీ. స్విచ్చు అటు వేస్తే పిడి బరువెక్కుతుంది, ఇటు వేస్తే తేలిపోతుంది. ఒకే వెలుగుకు రెండు రకాల కష్టం, అది చేతికి తెలియడమే ఇందులోని పాఠం. కొన్నాళ్లకు ఫిలమెంటు బల్బు మాడిపోతుంది. బజారులో ఆ రకం దొరక్క ఎలక్ట్రీషియన్ అక్కడా ఎల్ఈడీయే పెడతాడు. ఇప్పుడు పిడి రెండువైపులా తేలిగ్గా తిరుగుతుంది. బల్బు వెలుగుతోంది కాబట్టి ‘పనిచేస్తోంది’ అని టిక్కు పడుతుంది. చెప్పాల్సిన విషయం మాత్రం పోయింది. మందు చాలా చవక. మొదటినుంచీ 12 వోల్టుల మీద నడిపి, బండ్ల ఇండికేటరుకు వాడే 21 వాట్ల బల్బు పెట్టండి. ఏ ఆటో స్పేర్ల షాపులోనైనా దొరుకుతుంది. పిల్లల చేయి కాసేపు ఇవ్వగల 20, 30 వాట్లకు అది సరిగ్గా సరిపోతుంది కూడా. ఇరవై బల్బులు కొని సొరుగులో పడేస్తే చాలాకాలం చూసుకోనక్కర్లేదు. అయితే ఆ బల్బు ఎందుకు మార్చకూడదో తెలిసిన మనిషి ఒకరు కేంద్రంలో ఉండాలి. వర్క్‌షాపు అంటే మా దృష్టిలో ఆ మనిషే, లేతు మిషను తర్వాత.

ఇది మేం కొత్తగా కనిపెట్టిన మాట కాదు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరటోరియం తెరిచిన ఫ్రాంక్ ఒపెన్‌హైమర్, అణుబాంబు ప్రాజెక్టును నడిపిన రాబర్ట్‌కు తమ్ముడు, తనూ భౌతిక శాస్త్రవేత్తే. 1949లో రాజకీయ కారణాలతో విశ్వవిద్యాలయం ఉద్యోగం పోతే కొలరాడోలో పశువులు కాసుకుని, తర్వాత అక్కడి చిన్న ఊరి హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. అలాంటి మనిషి కట్టిన కేంద్రంలో వర్క్‌షాపు వెనక గదిలో లేదు. వచ్చినవాళ్లకు కనబడేలా హాల్లోనే పెట్టాడు. వెల్డింగు, రంపం, విరిగిన ఎగ్జిబిట్, దాన్ని బాగుచేసే మనిషి, అన్నీ ప్రదర్శనలో భాగమే. తమ ఎగ్జిబిట్ల కొలతలను, తయారీ పద్ధతిని వంటల పుస్తకంలా అచ్చువేసి ఇతర కేంద్రాలకు పంచారు కూడా. మన దగ్గర 1959లో కలకత్తాలో బిర్లా మ్యూజియం, 1965లో బెంగళూరులో విశ్వేశ్వరయ్య మ్యూజియం వచ్చాయి. 1978లో నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ ఏర్పడింది. 1982లో పురూలియాలో జిల్లా సైన్స్ కేంద్రం, 1993లో తిరుపతిలో ప్రాంతీయ కేంద్రం మొదలయ్యాయి. ఆ కౌన్సిల్ పని అంతా సొంత వర్క్‌షాపుల మీదే నడిచింది. కట్టి రాష్ట్రానికి అప్పగించే పద్ధతిలో వచ్చే కేంద్రాలకే చిక్కు. అప్పగింత పత్రం దాకా అందరికీ శ్రద్ధ ఉంటుంది, ఆ మర్నాటి సంగతి ఏ కాయితంలోనూ ఉండదు.

టెండరు కమిటీలో ఖర్చు తగ్గించే చోట జరిగే నష్టం ఇంకో రకం. గుసగుసల డిష్‌లనే తీసుకోండి. ఇరవై మీటర్ల దూరంలో ఎదురెదురుగా రెండు పెద్ద గిన్నెలు. ఒకదాని ముందు గుసగుసలాడితే రెండోదాని దగ్గర ఉన్నవాడికి చెవిలో చెప్పినట్టు వినిపించాలి. మేం రెండు మీటర్ల వ్యాసం అడుగుతాం. కమిటీ 90 సెంటీమీటర్లు చాలంటుంది. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి మరి. కానీ మాట తెలియాలంటే ముఖ్యంగా 500 నుంచి 4,000 హెర్ట్జ్ దాకా ధ్వని చేరాలి. గాలిలో వాటి తరంగ దైర్ఘ్యం 68 సెంటీమీటర్ల నుంచి ఎనిమిదిన్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది. తరంగం కంటే డిష్ చాలా పెద్దదైతేనే అది ధ్వనిని ఒకచోటికి కూడగడుతుంది. రెండు మీటర్ల డిష్ ఆ పొడవాటి తరంగానికి మూడు రెట్లు, 90 సెంటీమీటర్లది దానికంటే కాస్త పెద్ద, అంతే. పైగా పోగుచేసే వైశాల్యం అయిదోవంతుకు పడిపోతుంది. ఫలితం, ‘స’, ‘శ’ల బుస వినిపిస్తుంది, మాట వినిపించదు. పిల్లలు అరవడం మొదలుపెడతారు. అరిస్తే డిష్ లేకుండానే వినిపిస్తుంది కదా, ఇక ఎగ్జిబిట్ ఎందుకు?

డబ్బు నిజంగా ఆదా చేయాలంటే వేరే చోట చేయొచ్చు. తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు అక్కర్లేదు. ఆ తరంగాల ముందు అర సెంటీమీటరు ఎగుడుదిగుడు లెక్కలోకి రాదు, కాబట్టి ఫైబర్‌గ్లాసు చాలు. నాభి, అంటే ధ్వని పోగయ్యే చోటు, 70 సెంటీమీటర్ల దూరంలో ఉండాలంటే రెండు మీటర్ల డిష్ లోతు దాదాపు 36 సెంటీమీటర్లు ఉండాలి. చెవి, నోరు ఎక్కడ పెట్టాలో చూపే రింగు సరిగ్గా అక్కడే బిగించాలి. రింగు ఒక జానెడు పక్కకు పోయినా పని చెడుతుంది. నాభి ఎత్తు పెద్దవాళ్లకు సరిపోయేలా ఉంటే పిల్లల కోసం కదలని మెట్టు ఒకటి కట్టండి. ఏసీ గాలి తగిలే చోట, రేకుల కప్పు కింద మాత్రం పెట్టకండి, వానొస్తే ఇద్దరూ చెవిటివాళ్లే.

బోర్డు మీద రాసే మాటలను ఎవరూ సరిచూడరన్నది మా ఇంకో బాధ. కప్పీల కుర్చీ ప్రతి కేంద్రంలోనూ ఉంటుంది. కూర్చుని తాడు లాగితే మనల్ని మనమే పైకి ఎత్తుకుంటాం. ఒకే స్థిర కప్పీ ఉన్న కుర్చీ దగ్గర ‘స్థిర కప్పీ బలం దిశను మాత్రమే మారుస్తుంది, బలం తగ్గదు’ అని పాఠ్యపుస్తకం వాక్యం తెచ్చి పెడతారు. నేల మీద నిలబడి లాగేవాడికి అది నిజం. కుర్చీలో కూర్చుని లాగేవాడి బరువును తాడు రెండువైపులా మోస్తుంది, ఒక కొస కుర్చీకి, ఇంకో కొస చేతికి. కుర్చీతో కలిపి 60 కిలోలుంటే 30 కిలోల లాగుడు చాలు. తేడాను పసిగట్టిన పిల్ల బోర్డు చదివి తనదే తప్పనుకుంటుంది. తెలివైన పిల్లకే ఎక్కువ నష్టం.

గాలిలో తేలే బంతి సంగతీ అంతే. బ్లోయరు మీద బీచ్ బాల్ తేలుతుంది, గొట్టాన్ని వంచినా పడిపోదు. బోర్డు మీద ‘వేగంగా వెళ్లే గాలిలో పీడనం తక్కువ, ఇదే బెర్నౌలీ సూత్రం’ అని ఉంటుంది. బ్లోయరు నుంచి బయటికి వచ్చేసిన గాలి పీడనం చుట్టూ ఉన్న గాలి పీడనంతో దాదాపు సమానమే, వేగం ఇచ్చింది ఫ్యాను. బంతి పక్కకు జరిగినప్పుడు గాలి ధార దాని వంపును అంటిపెట్టుకుని పోతూ దారి మళ్లుతుంది. గాలి ఒకవైపు మళ్లితే బంతి రెండోవైపుకు, అంటే మళ్లీ ధారలోకి నెట్టుకొస్తుంది. దీన్ని నమ్మమని చెప్పనక్కర్లేదు. ఒక కర్రకు రిబ్బను ముక్క కట్టి అక్కడ వేలాడదీయండి. బంతి మీదుగా వచ్చే గాలి ఎటు మళ్లుతోందో పిల్లలే చూసుకుంటారు. (బంతులు మాత్రం ఏడాదికి యాభై కొనండి. కొన్ని పేలతాయి, కొన్ని ఇళ్లకు వెళతాయి.)

బోర్డుల భాష గురించి రెండు మాటలు. ఇంగ్లిషులో రాయించి తెలుగులోకి మార్పించిన బోర్డు ఇంగ్లిషు రానివాడికీ అర్థంకాదు, వచ్చినవాడికీ అర్థంకాదు. మొదటే తెలుగులో రాయించండి. ముందు ఏం చేయాలి, తర్వాత ఏం గమనించాలి, ఆ తర్వాతే ఎందుకు. ‘కోణీయ ద్రవ్యవేగం’ అనే మాట పిల్ల తిరుగుడు పీట మీద చేతులు ముడుచుకుని గిర్రున తిరిగాక రావాలి, ముందు వస్తే అక్కడే ఆగిపోతుంది. మొత్తం 40, 50 మాటలు దాటకూడదు. ఇంగ్లిషు అక్షరాలకు పెట్టిన లైన్ల ఎడమే తెలుగుకూ పెడితే ‘స్త్రీ’, ‘లక్ష్మి’ వంటి చోట్ల వత్తులు కింది లైను గుడులను గుద్దుకుంటాయి. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్ల ఎడం ఇవ్వమని ప్రింటరుకు రాతలో ఇవ్వండి.

ఎక్కువ బటన్లుంటే ఎక్కువ నేర్చుకుంటారన్న నమ్మకం కూడా టెండర్లలో కనిపిస్తుంది. ఎక్స్‌ప్లొరటోరియంలో పనిచేసిన స్యూ ఆలెన్, జాషువా గట్‌విల్ 2004లో దీన్నే పరిశీలించి రాశారు. ఒకే ఎగ్జిబిట్‌లో సమానంగా కనిపించే మీటలు చాలా ఉంటే ఏది ముఖ్యమో తెలియదు, ఒకరు చేసేదాన్ని పక్కవాడు చెడగొడతాడు, అసలు చూడాల్సింది అలంకారాల మధ్య మరుగున పడుతుంది. మీ స్పెసిఫికేషన్లో ‘ఆరు బటన్లు, బహుళ వర్ణ ఎల్ఈడీ లైటింగు’ అని ఉంటే అది పెళ్లి మండపానికి రాసినట్టుంటుంది.

టచ్ స్క్రీన్ల మీద మా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. కొనడం తేలిక, లెక్క చూపడం తేలిక, కాబట్టి సగం హాలు అవే. స్క్రీను చూపేదాన్ని జేబులోని ఫోను చూపిస్తుంది. తాడు బరువు, పిడి ఎదురుతిరగడం, చెవిలో గుసగుస, ఇవి ఫోనులో దొరకవు. వీఆర్ కళ్లజోడు ఒక్కో పిల్లవాడికి అయిదు నిమిషాలు పడుతుంది. గంటకు 12 మంది, ఆరు గంటలకు 72 మంది. మూడు బస్సుల్లో 150 మంది దిగితే మిగతా 78 మంది ఏం చేయాలి? వరసలో నిలబడి తోసుకుంటారు.

మన వాతావరణం కూడా టెండరులో ఉండాలి. ముట్టుకుంటే జుట్టు లేచే వాన్ డి గ్రాఫ్ యంత్రం కోస్తాలో జులై నుంచి అక్టోబరు దాకా చాలా రోజులు మొరాయిస్తుంది. తేమ గాలి వల్ల బెల్టు మీద, స్తంభం మీద తేమ పట్టి ఛార్జి జారిపోతుంది. దాన్ని ఏసీ గదిలో పెట్టి, ప్రదర్శనకు ముందు బెల్టును స్పిరిటుతో తుడిచి, హెయిర్ డ్రయరుతో వేడిగాలి పట్టండి. ఆరుబయటి సైన్స్ పార్కులో ఇనుప సీట్లు, స్టీలు జారుడుబల్లలు మే నెల మధ్యాహ్నం ముట్టుకోలేనంత కాలతాయి. వేసవిలో పార్కు వేళలు పొద్దున పది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత ఉండాలి. సముద్రానికి దగ్గరైతే మామూలు రంగు వేసిన ఇనుము ఏడాది తిరక్కుండా పొక్కులు లేస్తుంది. హాట్ డిప్ గాల్వనైజింగు (కరిగిన జింకులో ముంచి వేసే పూత) అడగండి. చేతికి అందే చోట 24 వోల్టులకు మించి కరెంటు ఉండకూడదు. ప్రతి సర్క్యూటుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు ఉండాలి. ఈ రెండిట్లో బేరం లేదు.

ఇక బడి పిల్లలు వచ్చే తీరు. నవంబరు నుంచి ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం దాకా రద్దీ. అన్ని బస్సులూ పదకొండుకే వస్తాయి. 60 ఎగ్జిబిట్ల హాలుకు 45 నిమిషాలు ఇస్తారు. నడకతో కలిపి ఒక్కోదానికి 45 సెకన్లు. అది చూడటం కాదు, పరుగు పందెం. బుకింగు అరగంట తేడాతో ఇవ్వండి. 25 మంది గుంపు, ఒక హాలు, 40 నిమిషాలు, ఎనిమిది ఎగ్జిబిట్లు. ఏ ఎనిమిదో మాస్టారికి ముందే ఒక పేజీ పంపండి. గుంపుకు ఒక వివరణకర్త కావాలి, అతను కంఠతా పట్టింది అప్పజెప్పకూడదు. ‘చేతులు ముడిస్తే ఏమవుతుందనుకుంటున్నావ్?’ అని అడిగి, పిల్ల చేసి చూసేదాకా నోరు మూసుకోవడమే ఆ ఉద్యోగంలో కష్టమైన భాగం. దానికి రెండు వారాల శిక్షణ కావాలి, జీతం నెలనెలా పడాలి. రోజు కూలి లెక్కన పెడితే పని నేర్చుకున్న నెలకే ఇంకో చోటికి వెళ్లిపోతారు.

వర్క్‌షాపుకు మేం అడిగేది పెద్దదేమీ కాదు. 70 చదరపు మీటర్ల గది, చిన్న లేతు, పిల్లర్ డ్రిల్లు, వెల్డింగు సెట్టు, చెక్క కోసే బ్యాండ్ సా, టంకం బల్ల. మనుషులు ముగ్గురు: ఫిట్టరు, ఎలక్ట్రీషియన్, వడ్రంగి. మీ జిల్లా ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లలకు అప్రెంటిస్‌గా ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఎగ్జిబిట్ల ఖరీదులో ఏటా పదో వంతు మరమ్మతుకు వేరే పద్దుగా ఉండాలి. కరెంటు బిల్లు పద్దులో కలిపితే కరెంటే దాన్ని తినేస్తుంది.

కింది పేరాను మీ తర్వాతి టెండరులో ఉన్నదున్నట్టు పెట్టండి. న్యాయ విభాగం భాష మార్చుకోవచ్చు, అంకెలు మార్చవద్దు.

‘ప్రతి ఎగ్జిబిట్‌నూ తుది తయారీకి ముందు ప్లైవుడ్ నమూనాగా చేసి, 8 నుంచి 14 ఏళ్ల పిల్లలు కనీసం 30 మంది చేత, ఎవరి సాయమూ లేకుండా వాడించి, వారు చేసిన పొరపాట్లు రాసి సమర్పించాలి. తుది ఎగ్జిబిట్‌తో పాటు కొలతల డ్రాయింగులు, సర్క్యూటు చిత్రం, సాఫ్ట్‌వేరు ఉంటే దాని సోర్సు కోడు, స్థానిక బజారులో దొరికే విడిభాగాల జాబితా, అరిగే భాగాలు రెండేళ్లకు సరిపడా అప్పగించాలి. మొత్తం ధరలో 20 శాతం మూడేళ్ల పాటు నిలిపి ఉంచి, నెలలో తెరిచి ఉన్న రోజుల్లో 95 శాతం పనిచేసిన ఎగ్జిబిట్లకే విడతలుగా చెల్లించబడును. “పనిచేయడం” అంటే వెలగడం కాదు, బోర్డు మీద రాసిన ఫలితం వాడినవారికి అందడం.’

ఇట్లు,
ఎగ్జిబిట్లు తయారుచేసే, బాగుచేసే పనివాళ్లం

తా.క. వర్క్‌షాపుకు హాలు వైపు గాజు కిటికీ పెట్టించండి. నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో మొదలైతే ఎనిమిదేళ్ల పిల్లలకూ లోపల జరిగేది కనబడుతుంది.